డిష్‌లో గుండెపోటు: చనిపోయే కణం పంపే కబుర్ల మీద ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలైంది

గుండె కండరానికి రక్తం పూర్తిగా ఆగితే ఇరవై, ముప్పై నిమిషాలకే కొన్ని కణాలు ఇక కోలుకోలేని స్థితికి చేరతాయి. పెద్ద గుండెపోటులో వంద కోట్ల దాకా కండర కణాలు పోవచ్చు. పోయినవాటి చోట కొత్తవి దాదాపు పుట్టవు. అణు పరీక్షల వల్ల గాలిలో కలిసిన కార్బన్-14 ఆధారంగా బెర్గ్‌మన్ బృందం 2009లో లెక్క కట్టినప్పుడు, 25 ఏళ్ల వయసులో ఏడాదికి ఒక శాతం, 75 ఏళ్లకు అర శాతం కన్నా తక్కువ కణాలే కొత్తగా వస్తున్నాయని తేలింది. కాబట్టి మరమ్మతు అంటే మచ్చ కట్టడమే. మచ్చ గట్టిగా కట్టాలంటే ముందు ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక కణాలు గుమికూడి రేపే మంట, వాపు) రావాలి, పని అయ్యాక అది తగ్గుముఖం పట్టాలి. రాకపోతే చెత్త మిగులుతుంది. తగ్గకపోతే గోడ పలచబడి గది ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది.

మొత్తం ఇన్‌ఫ్లమేషన్‌నే అణిచేస్తే సరిపోతుందన్న ఆలోచన పాతదే. గుండెపోటు రోగులకు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇస్తే మేలుకన్నా కీడే ఎక్కువని 1976లోనే నివేదిక వచ్చింది. ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే సంకేత ప్రోటీన్ ఐఎల్-1 బీటాను మాత్రమే పట్టే కనకినుమాబ్ అనే యాంటీబాడీ మందును 10,061 మంది మీద చూసిన కాంటోస్ పరీక్షలో (2017) 150 మి.గ్రా. మోతాదుకు గుండె ఘటనలు 15 శాతం తగ్గాయి, ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు కాల్చిసిన్ 0.5 మి.గ్రా. 2019లో కోల్‌కాట్ పరీక్షలో పనిచేసింది, 2024లో 7,062 మందితో ముగిసిన క్లియర్ సినర్జీలో పనిచేయలేదు. మా ఉద్దేశంలో ఇక్కడ చిక్కు మందుది కాదు. ఏ కణం, ఎలా చనిపోతూ, ఎవరికి ఏ కబురు పంపుతోందో విడదీయకుండా అందరి నోరూ ఒకేసారి మూయించే ప్రయత్నం చేస్తున్నారు. ఆ విడదీత ఈ ప్రాజెక్టు పని.

జంతువులో గుండె ముందు గోడకు రక్తమిచ్చే ఎల్‌ఏడీ ధమనిని కట్టి చూడటం అసలైన నమూనా. అందులో ఎముక మజ్జ, ప్లీహం, నరాలు అన్నీ ఒకేసారి మాట్లాడతాయి. అందుకే ముందు డిష్, అంటే పళ్లెంలో పెంచిన కణాలు. డిష్ చెప్పలేనిది ఎక్కడ మొదలవుతుందో కూడా ఇందులో రాస్తున్నాం.

కణాల సేకరణ

సంస్థ జంతు నైతిక సంఘానికి ఫారం-బి దరఖాస్తు పెట్టి అనుమతి వచ్చాకే ఏ పనైనా. ఎలుకలు జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏలో నమోదైన పెంపకందారుల దగ్గరివే అయి ఉండాలి.

ఒకటి నుంచి మూడు రోజుల వయసున్న ఎలుక (ర్యాట్) పిల్లల జఠరికలు వాడుతున్నాం. కాల్షియం, మెగ్నీషియం లేని చల్లటి హెచ్‌బీఎస్ఎస్ లవణ ద్రావణంలో కడిగి, కర్ణికలు తీసేసి, ఒక మి.మీ. ముక్కలు చేసి, 0.05 శాతం ట్రిప్సిన్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా నెమ్మదిగా తిప్పాలి. తెల్లారి టైప్-2 కొల్లాజినేజ్, మిల్లీలీటరుకు 1 మి.గ్రా., 37 డిగ్రీల దగ్గర పదేసి నిమిషాల విడతలు. విడత విడతకూ విడిపోయిన కణాలను సీరం ఉన్న చల్లటి మీడియంలోకి తీసేయాలి. అన్నింటినీ చివరిదాకా ఎంజైమ్‌లోనే ఉంచితే మొదట విడిపోయినవి అక్కడే చచ్చిపోతాయి. మనం కొలవబోయేది చావునే కాబట్టి ఆ చావు లెక్కలోకి దూరిపోతుంది.

తర్వాత కోటింగ్ లేని ప్లాస్టిక్ మీద గంటన్నర ఉంచితే ఫైబ్రోబ్లాస్ట్‌లు (మచ్చ కట్టే కణాలు) అడుగుకు అంటుకుంటాయి, కండర కణాలు తేలుతూ ఉంటాయి. తేలేవాటిని జెలటిన్ పూసిన 6-వెల్ ప్లేట్లలో చదరపు సెం.మీ.కు 1.2 లక్షల చొప్పున వేయాలి. ఒక్కో గుండెకు సుమారు 10 లక్షల కణాలు వస్తాయనుకుంటే, 12 పిల్లలకు సుమారు పది వెల్‌లు నిండుతాయి. మిగిలిన ఫైబ్రోబ్లాస్ట్‌లు పెరగకుండా బ్రోమోడీఆక్సీయూరిడిన్ 100 మైక్రోమోలార్. రెండో రోజుకు ప్లేటంతా ఒకే లయలో కొట్టుకోవాలి. విడివిడి దీవులుగా కొట్టుకుంటుంటే సాంద్రత తక్కువైనట్టే, ఆ ప్లేటు ఈ పనికి పనికిరాదు. పొరుగు కణంతో అతుకు లేని కణం ఒత్తిడికి వేరుగా స్పందిస్తుంది.

అంటుకున్న ఫైబ్రోబ్లాస్ట్‌లను పారేయకూడదు, ముందుముందు వాటితో చాలా పని ఉంది.

మాక్రోఫేజ్‌ల (చచ్చిన కణాలను మింగే రోగనిరోధక కణాలు) కోసం 8–12 వారాల సీ57 బ్లాక్-6 రకం చుంచెలుకల (మౌస్) తొడ, కాలి ఎముకల మజ్జ. మజ్జ కణాలను మాక్రోఫేజ్‌లుగా మార్చే ఎంసీఎస్ఎఫ్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు, ఏడు రోజులు. సాధారణ కల్చర్ ప్లాస్టిక్‌కు బదులు బ్యాక్టీరియాలజీ పెట్రీ డిష్‌లు వాడితే ఐదు మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న చల్లటి పీబీఎస్‌తో తేలిగ్గా ఊడొస్తాయి. ట్రిప్సిన్‌తో ఊడదీస్తే ఉపరితల గ్రాహకాలు తెగిపోతాయి. ఎంసీఎస్ఎఫ్‌కు బదులు వాడే ఎల్929 కణాల మీడియం చవకే కానీ ఈ పనికి వద్దనుకున్నాం. బ్యాచ్ బ్యాచ్‌కూ తేడా ఉంటుంది, మైకోప్లాస్మా (కల్చర్‌లో దాగే సూక్ష్మ బ్యాక్టీరియా) రావడానికి అదో దొడ్డిదారి.

ఎండోటాక్సిన్ గేటు

ఈ రంగంలో చాలా ఫలితాలు కూలేది ఇక్కడే కాబట్టి దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాం.

చనిపోయిన కణం నుంచి కారే హెచ్‌ఎంజీబీ1, ఎస్100ఏ8/ఏ9, హీట్ షాక్ ప్రోటీన్లు టీఎల్ఆర్4 అనే గ్రాహకం ద్వారా పనిచేస్తాయని చెబుతారు. బ్యాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ (ఎండోటాక్సిన్) పనిచేసేది కూడా సరిగ్గా టీఎల్ఆర్4 ద్వారానే. మాక్రోఫేజ్‌లు మిల్లీలీటరుకు పదుల పికోగ్రాముల ఎల్‌పీఎస్‌కే లేస్తాయి. ఇప్పుడు మన బల్ల మీద ఏమున్నాయో చూడండి. కొల్లాజినేజ్‌ను బ్యాక్టీరియా నుంచే తీస్తారు. జెలటిన్ పంది లేదా పశువు చర్మం నుంచి వస్తుంది. సీరం సంగతి సరేసరి. ఈ-కోలైలో తయారైన రీకాంబినెంట్ హెచ్‌ఎంజీబీ1 కొని వేస్తే పనిచేసింది ప్రోటీనా, దానికి అంటుకొచ్చిన ఎల్‌పీఎసా అన్నది బయటికి కనపడదు.

అందుకే పెట్టుకున్న నియమం: ఏ సూపర్‌నేటెంట్ (చనిపోయిన కణాల మీంచి తీసిన ద్రవం) అయినా ఎండోటాక్సిన్‌ను కొలిచే ఎల్‌ఏఎల్ పరీక్షలో మిల్లీలీటరుకు 0.1 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్) దాటితే మాక్రోఫేజ్‌ల దాకా వెళ్లదు. పది ఈయూలు సుమారు ఒక నానోగ్రాము కాబట్టి ఇది దాదాపు 10 పికోగ్రాములు. ఎల్‌ఏఎల్ కూడా మోసం చేస్తుంది. సెల్యులోజ్ ఫిల్టర్ నుంచి వచ్చే బీటా గ్లూకాన్ తప్పుడు పాజిటివ్ ఇస్తుంది, అందుకు బ్లాకర్ బఫర్ కలపాలి. ప్రోటీన్లు, ముఖ్యంగా సీరం, ఎల్‌పీఎస్‌ను కప్పేసి తప్పుడు నెగెటివ్ ఇస్తాయి. నమూనాను పదింతలు పలచన చేసి, 70 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు వేడిచేసి, తెలిసిన మోతాదు ఎల్‌పీఎస్‌ను విడిగా కలిపి చూడాలి. కలిపినదాంట్లో 50 నుంచి 200 శాతం మధ్య తిరిగి కనిపిస్తేనే ఆ రీడింగ్‌ను నమ్మాలి.

దాంతోపాటు ప్రతి సూపర్‌నేటెంట్‌ను నాలుగు భాగాలు చేస్తున్నాం. మొదటిది ఉన్నదున్నట్టు. రెండోది 95 డిగ్రీల దగ్గర పావుగంట ఉడికించినది. మూడోది డీఎన్‌ఏను కోసే డీఎన్‌ఏజ్-1తో. నాలుగోది మాక్రోఫేజ్‌లకు ముందుగా టీఎల్ఆర్4ను అడ్డుకునే టీఏకే-242 ఒక మైక్రోమోలార్ ఇచ్చాక. ఉడికించినా శక్తి పోలేదంటే అది ప్రోటీన్ కాకపోవచ్చు. ఎల్‌పీఎస్ మరుగుకు చావదు, దాన్ని గాజు మీంచి పోగొట్టాలన్నా పొడి ఓవెన్‌లో 250 డిగ్రీల దగ్గర అరగంట కావాలి. ఉడికితే పోయి, టీఏకే-242కు లొంగకపోతే టీఎల్ఆర్4 కాని దారి వెతకాలి. ఎల్‌పీఎస్‌ను పట్టే పాలీమిక్సిన్-బి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, సీరం ఉన్నచోట అది సగం పనే చేస్తుంది.

మైకోప్లాస్మా పీసీఆర్ ప్రతి రెండు వారాలకు. దాని లైపోప్రోటీన్లు టీఎల్ఆర్2 అనే వేరే గ్రాహకం ద్వారా పోతాయి కాబట్టి పైన చెప్పిన గేట్లు ఏవీ దాన్ని ఆపవు.

మూడు రకాల చావు

కణాలను సీరం లేని మీడియంలో 24 గంటలు ఉంచి, రెండుసార్లు కడిగి, ఆ తర్వాతే దెబ్బ.

*పగిలి చావడం (నెక్రోసిస్).* కణాలను గీకి తీసి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి 37 డిగ్రీల దగ్గర కరిగించడం, నాలుగు విడతలు. లోపలున్నదంతా బయటపడుతుంది. ఇది అసలు గుండెపోటుకు నకలు కాదు, పైహద్దు మాత్రమే. ఇంతకన్నా ఎక్కువ కారడానికి ఇంకేం ఉండదు.

*ఊపిరాడక చావడం.* ఇదే అన్నింటికన్నా విసిగించేది. పసి ఎలుక గుండెకణాలు గర్భంలోని తక్కువ ఆక్సిజన్‌కు అలవాటు పడ్డవి, ఒక శాతం ఆక్సిజన్‌లో పెడితే మరుసటి రోజుకీ హాయిగా కొట్టుకుంటుంటాయి. గ్లూకోజ్ కూడా తీసేయాలి. సోడియం క్లోరైడ్ 137, పొటాషియం క్లోరైడ్ 12, మెగ్నీషియం క్లోరైడ్ 0.49, కాల్షియం క్లోరైడ్ 0.9, హెపెస్ 4, లాక్టేట్ 20, డీఆక్సీగ్లూకోజ్ 10 మిల్లీమోలార్, పీహెచ్ 6.5 ఉన్న ఇస్కీమియా బఫర్‌లో నాలుగు నుంచి ఆరు గంటలు, తర్వాత మామూలు మీడియంలో 18 గంటలు.

బఫర్‌ను ముందురోజే హైపాక్సియా పెట్టెలో మూత తీసి ఉంచాలి. గది గాలిలో ఉన్న బఫర్‌ను పోసి తలుపు మూస్తే మీటరులో ఒక శాతం కనిపిస్తుంది కానీ కణాల దగ్గర అది దిగిరావడానికి గంటలు పడుతుంది, పైగా పాలీస్టైరిన్ ప్లాస్టిక్ తాను పీల్చుకున్న ఆక్సిజన్‌ను వదులుతూనే ఉంటుంది. ద్రవం లోతు రెండు మి.మీ. దాటనివ్వకూడదు. నిజంగా ఊపిరాడలేదా అన్నది పెట్టె మీటరును కాక, ఆక్సిజన్ తగ్గితేనే నిలిచే హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా ప్రోటీన్ బ్లాట్‌ను అడగాలి. ప్లేటు బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే ఆ ప్రోటీన్ కరిగిపోతుంది, లైసిస్ బఫర్‌ను పెట్టెలోపలే పోయాలి.

ఇంకో ఉచ్చు ఉంది. ఇస్కీమియా బఫర్‌ను నేరుగా మాక్రోఫేజ్‌ల మీద పోయకూడదు. అందులోని డీఆక్సీగ్లూకోజ్ గ్లైకోలిసిస్‌ను (గ్లూకోజ్ వాడకాన్ని) ఆపి ఐఎల్-1 బీటాను అణిచేస్తుంది, లాక్టేట్, ఆమ్లత కూడా మాక్రోఫేజ్‌ల తీరు మారుస్తాయి. "చనిపోయిన కణం ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తోంది" అనే అందమైన, పూర్తిగా తప్పుడు గ్రాఫ్ వస్తుంది. బఫర్ తీసేసి, ఆక్సిజన్ తిరిగిచ్చాక కారిన మీడియం మాత్రమే వాడాలి.

*పద్ధతిగా చావడం (అపోప్టోసిస్).* ఈ చావును తెచ్చే స్టౌరోస్పోరిన్ ఒక మైక్రోమోలార్, ఆరు గంటలు, తర్వాత మూడుసార్లు కడిగి కొత్త మీడియంలో ఇంకో ఆరు గంటలు. కడగకపోతే మందే వెళ్లి మాక్రోఫేజ్‌లను చంపుతుంది. అనెక్సిన్ పాజిటివ్, ప్రొపీడియం నెగెటివ్ కణాలు, అంటే చావు మొదలైనా పొర ఇంకా పగలనివి, ఎక్కువగా ఉన్నప్పుడే తీసుకోవాలి. డిష్‌లో శవాలను ఎత్తేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి రోజు గడిస్తే అపోప్టోసిస్ కణం కూడా పగిలి నెక్రోసిస్‌లా కారుతుంది. చాలా పేపర్లలో "అపోప్టోసిస్ సూపర్‌నేటెంట్" పేరుతో వాడింది ఇదేనేమో అన్న అనుమానం మాకుంది.

ఎంత చావు జరిగిందో, కణం పగిలితే బయటపడే ఎల్‌డీహెచ్ ఎంజైమ్‌తో కొలుస్తున్నాం. గరిష్ఠానికి, కణాలన్నింటినీ పగలగొట్టే ట్రైటాన్ ఒక శాతం. మీడియంలో సోడియం పైరువేట్ ఉంటే ఎల్‌డీహెచ్ పరీక్ష మందగిస్తుంది, పైరువేట్ లేని డీఎంఈఎం తెప్పించుకోవాలి. బయటపడ్డ ఎల్‌డీహెచ్ 37 డిగ్రీల దగ్గర గంటగంటకూ పాడవుతుంది కాబట్టి 24 గంటల రీడింగ్ అసలు చావును తక్కువ చేసి చూపిస్తుంది. మిగిలిన కణాల్లోని ఎల్‌డీహెచ్‌ను కూడా కొలిచి పోల్చుకుంటే తేడా తెలిసిపోతుంది.

సూపర్‌నేటెంట్ ఎలా తీయాలి

సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ దగ్గర ఐదు నిమిషాలు, పై ద్రవాన్ని 2,000 జీ దగ్గర పది నిమిషాలు. ఇక్కడ ఆగితే మైటోకాండ్రియాలు ద్రవంలోనే ఉంటాయి, 10,000 జీ దగ్గర తిప్పితే అడుక్కి పోతాయి. రెండు భాగాలూ విడిగా దాచుతున్నాం. గుండెకణం పరిమాణంలో మూడో వంతు దాకా మైటోకాండ్రియాలే, వాటి డీఎన్‌ఏ బ్యాక్టీరియా డీఎన్‌ఏలా మిథైలేషన్ తక్కువగా ఉండి టీఎల్ఆర్9 గ్రాహకాన్ని లేపుతుంది. కణం తానే సరిగా జీర్ణించుకోలేకపోయిన మైటోకాండ్రియా డీఎన్‌ఏ గుండెలో ఇన్‌ఫ్లమేషన్‌ను రేపుతుందని 2012లో జపాన్ బృందం చూపించింది.

మోతాదు: 10 లక్షల కణాలకు ఒక మిల్లీలీటరు. 96-వెల్‌లో లక్ష మాక్రోఫేజ్‌ల మీద 100 మైక్రోలీటర్లు పోస్తే ఒక శవానికి ఒక మాక్రోఫేజ్. ఎల్‌డీహెచ్ ప్రకారం సగం కణాలే చనిపోయిన నమూనాకు రెట్టింపు పోయాలి, లేదంటే చావు రకాన్ని కాక చావు సంఖ్యను పోలుస్తున్నట్టే.

ఏటీపీ ఈ సూపర్‌నేటెంట్‌లో దొరకదు. కణాల ఉపరితల ఎంజైములు నిమిషాల్లో దాన్ని కోసేస్తాయి. ఏటీపీ కబురు కావాలంటే ఐదు మిల్లీమోలార్ తాజాగా, చివరి 45 నిమిషాలకు చేర్చాలి.

మాక్రోఫేజ్‌లు ఏమన్నాయి

ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలైన టీఎన్ఎఫ్‌ను ఆరు గంటలకు, ఐఎల్-6ను 18 గంటలకు కొలుస్తున్నాం. ఎలుక కణాల సూపర్‌నేటెంట్‌ను చుంచెలుక మాక్రోఫేజ్‌ల మీద వేస్తున్నాం కాబట్టి, మాక్రోఫేజ్‌లు లేని వెల్‌లో అదే సూపర్‌నేటెంట్ వేసి ఎలైసా (ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) చేయడం తప్పనిసరి. ఎలుక ఐఎల్-6ను కొన్ని చుంచెలుక కిట్లు కూడా పట్టేస్తాయి.

ఈ నియమం పెట్టకముందు వేసిన, గేటు దాటని నమూనాల్లో టీఎన్ఎఫ్ బ్రహ్మాండంగా వచ్చింది. గేటు దాటిన శుభ్రమైన నమూనాల్లో అది బాగా పడిపోయింది. పగిలిన కణాల ద్రవానికి కొంత మిగిలింది, అపోప్టోసిస్ ద్రవానికి దాదాపు ఏమీ లేదు. అపోప్టోసిస్‌లో హెచ్‌ఎంజీబీ1 క్రోమాటిన్‌ను అంటిపెట్టుకుని బయటికి రాదని, నెక్రోసిస్‌లో వదులుగా కారుతుందని 2002లో స్కాఫిడి, మిస్టెలి, బియాంకి చూపించిన దానికి ఇది సరిపోతుంది.

ఐఎల్-1 బీటా సున్నా. ఇది కంగారుపడాల్సిన సున్నా కాదు. ఆ ప్రోటీన్‌కు రెండు మెట్లు కావాలి. మొదటిది జన్యువులను మేల్కొలిపే ఎన్ఎఫ్-కప్పాబి ద్వారా ప్రో-ఐఎల్-1 బీటా తయారుకావడం, రెండోది కణంలోంచి పొటాషియం బయటికి పోయి ఎన్‌ఎల్‌ఆర్‌పీ3, ఆ ప్రోటీన్‌ను కోసి సిద్ధం చేసే కాస్పేజ్-1 మేల్కొనడం. సూపర్‌నేటెంట్ ఆరు గంటలు ఇచ్చి, చివర్లో పైన చెప్పిన ఏటీపీ చేరిస్తే కనిపిస్తుంది. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3ను ఆపే ఎంసీసీ950 వేస్తే పోతుంది.

అసలు ఆసక్తికరమైన ఫలితం పక్క ప్లేటులో, దాచిన ఫైబ్రోబ్లాస్ట్‌ల దగ్గర వచ్చింది. అదే శుభ్రమైన ద్రవానికి మాక్రోఫేజ్‌ల కన్నా ఇవి గట్టిగా ఐఎల్-6, సీసీఎల్2 తయారుచేశాయి. ఉడికిస్తే పోయింది, టీఏకే-242కు లొంగలేదు, ఐఎల్-1 గ్రాహకాన్ని అడ్డుకునే అనకిన్రాకు లొంగింది. అంటే కబురు ఐఎల్-1 కుటుంబానిది, కాస్పేజ్ అవసరం లేకుండా కణంలో సిద్ధంగా ఉండే ఐఎల్-1 ఆల్ఫాది. యాంటీబాడీతో విడిగా ఖాయం చేశాం. గుండెకణాల నెక్రోసిస్ నుంచి వచ్చే ఐఎల్-1 ఆల్ఫా మొదటి ప్రమాద ఘంటిక అని 2015లో లుగ్రిన్ బృందం చెప్పినదానికి దగ్గరగా ఉంది. సీసీఎల్2 మోనోసైట్‌లను పిలిచే రసాయనం కాబట్టి, రక్తం నుంచి మాక్రోఫేజ్‌లను రప్పించే మొదటి పిలుపు ఫైబ్రోబ్లాస్ట్ నోటి నుంచి వెళ్తోందన్నమాట. కనకినుమాబ్ బీటాను మాత్రమే పడుతుంది, ఆల్ఫాను తాకదు. ఇది గుర్తుపెట్టుకుని కాంటోస్‌ను మళ్లీ చూస్తే బాగుంటుంది.

డీఎన్‌ఏ ప్రశ్న, 2024 తర్వాత మారిన దారి

ఇంటర్‌ఫెరాన్ (వైరస్ లేదా దారితప్పిన డీఎన్‌ఏ కనిపిస్తే కణం పంపే హెచ్చరిక) వైపు చూస్తే కథ వేరు. పగిలిన కణాల ద్రవంలో డీఎన్‌ఏ పుష్కలంగా ఉన్నా మాక్రోఫేజ్‌లలో ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించే ఐఎఫ్ఐటీ1, సీఎక్స్‌సీఎల్10 జన్యువులు పెద్దగా లేవలేదు. కారణం దారి. కణం బయటి డీఎన్‌ఏ ఎండోజోమ్ అనే లోపలి సంచిలోకి వెళ్లి టీఎల్ఆర్9ను చేరుతుంది, డీఎన్‌ఏను పసిగట్టే సీగ్యాస్ ఉన్నది సైటోజోల్‌లో (కణద్రవంలో). డీఎన్‌ఏను కణంలోకి మోసే లిపోఫెక్టమిన్‌తో లోపలికి పంపితే లేస్తుంది కానీ అప్పుడు లిపోఫెక్టమిన్‌ను పరీక్షిస్తున్నట్టే.

2017లో కెవిన్ కింగ్, సహచరులు గుండెపోటు తర్వాత సీగ్యాస్, దాని తర్వాతి మెట్లైన స్టింగ్, ఐఆర్ఎఫ్3 దారిన టైప్-1 ఇంటర్‌ఫెరాన్ వస్తుందని, చనిపోయిన కణాలను మింగిన మాక్రోఫేజ్‌లే దానికి మూలమని చూపారు. 2024లో కింగ్ బృందం నుంచి నేచర్‌లో వచ్చిన పరిశోధన ఆ చిత్రాన్ని మార్చేసింది. ఇంటర్‌ఫెరాన్ స్పందన చచ్చిన ప్రాంతం నడుమ కాదు, దాని అంచున గుంపులు గుంపులుగా కనిపించింది. పొరుగు కణాలు చచ్చిపోయాక అంచున మిగిలిన బతికున్న కండర కణాల మీద యాంత్రిక ఒత్తిడి పడుతుంది, కేంద్రకం పొర చిట్లుతుంది, క్రోమోజోమ్ డీఎన్‌ఏ సైటోజోల్‌లోకి కారుతుంది. కండర కణాల్లో మాత్రమే ఐఆర్ఎఫ్3 తీసేస్తే గుంపులు మాయమయ్యాయి. మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్‌లు, ఫైబ్రోబ్లాస్ట్‌లు, ఎండోథీలియల్ కణాల్లో తీసేస్తే కాలేదు. గోడ పగిలి చనిపోయిన చుంచెలుకల్లో ఆ పగులు పక్కనే ఈ గుంపులున్నాయి. ఇవి లేని చుంచెలుకల్లో గోడ పగలడం తగ్గి బతికే అవకాశం పెరిగింది.

కాబట్టి మా డిష్‌లో లేనిది అంచు. దాన్ని ఇప్పుడు తయారుచేస్తున్నాం.

అంచును తయారుచేయడం

0.25 మి.మీ. మందం సిలికోన్ పొర, ప్లాస్మా చికిత్స, లామినిన్ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు. కణాలు నాలుగో రోజు ఒకే లయకు వచ్చాక మీడియం తీసేసి, ద్రవ నైట్రోజన్‌లో ముంచిన మూడు మి.మీ. స్టీలు కడ్డీని మధ్యలో ఐదు సెకన్లు ఆనించాలి. మీడియం ఎక్కువ మిగిలితే మంచు బిళ్లలా పరుచుకుని గాయం వంకరటింకర అవుతుంది, పూర్తిగా ఆరితే కడ్డీకి పొర అంటుకుని చిరుగుతుంది. పలచటి తడి పొర ఉండాలి. వెంటనే 37 డిగ్రీల మీడియం పోసి, ప్రొపీడియంతో చచ్చిన వలయం గుర్తించి, దాని గట్టు నుంచి 500 మైక్రాన్ల దాకా అంచుగా లెక్కిస్తున్నాం. తర్వాత 10 శాతం సాగదీత, సెకనుకు ఒకటి చొప్పున, 24, 48, 72 గంటలు.

కేంద్రకం చిట్లిందని ఎలా తెలుస్తుంది? కేంద్రకంలోకి వెళ్లే సంకేతం ఉన్న జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రోటీన్) కేంద్రకం చిట్లినప్పుడు బయటికి పాకుతుంది. కానీ ఈఎస్‌సీఆర్‌టీ-3 యంత్రాంగం నిమిషాల్లో పొరకు మాటు వేస్తుంది, జీఎఫ్‌పీ మళ్లీ లోపలికి పోతుంది, ఫిక్స్ చేసిన ప్లేటులో ఏమీ జరగనట్టే ఉంటుంది. సీగ్యాస్-జీఎఫ్‌పీ అయితే చిట్లిన చోట డీఎన్‌ఏను పట్టుకుని చుక్కలా నిలుస్తుంది, లెక్కించడానికి అదే నయం. చుక్కతోపాటు లామిన్ ఏ/సీ (కేంద్రకం పొర), ట్రోపోనిన్-టీ (కండర కణం గుర్తు), ఐఎస్‌జీ15 (ఇంటర్‌ఫెరాన్ స్పందన గుర్తు) కలిపి చూడాలి. ట్రోపోనిన్ లేని కణంలో చుక్క ఉంటే అది తప్పించుకుని మిగిలిన ఫైబ్రోబ్లాస్ట్.

జన్యువును కణంలోకి మోసే లెంటీవైరస్‌తో జీఎఫ్‌పీ ఎక్కిస్తే ఆ వైరస్, దానితో వచ్చే ప్లాస్మిడ్ డీఎన్‌ఏ తామే ఇంటర్‌ఫెరాన్‌ను లేపగలవు. వైరస్ ఎక్కించి గాయం చేయని పొర, గాయం చేసి వైరస్ ఎక్కించని పొర, రెండూ ప్రతిసారీ పక్కన ఉండాలి. వైరస్ ఎక్కించాక కనీసం నాలుగు రోజుల విరామం. ప్లాస్మిడ్ ట్రాన్స్‌ఫెక్షన్ ఈ ప్రయోగంలో పూర్తిగా నిషేధం.

ఒత్తిడే కారణమా అన్నదానికి బ్లెబిస్టాటిన్ 10 మైక్రోమోలార్‌తో సంకోచం ఆపి చూస్తున్నాం. మామూలు బ్లెబిస్టాటిన్ నీలి కాంతికి విరిగి కణాలకే విషమవుతుంది. జీఎఫ్‌పీ చూడాలంటే నీలి కాంతే కావాలి కాబట్టి పారా-అమైనో రకం తెప్పించాల్సి వచ్చింది. సాగదీత లేని గాయంలోనూ అంచున కొన్ని చుక్కలు కనిపిస్తున్నాయి, సాగదీస్తే పెరుగుతున్నాయి, సంకోచం ఆపితే తగ్గుతున్నాయి. గాయం లేకుండా సాగదీసిన పొరలో చుక్కలు అరుదు. పొరుగు కణం పోవడం, లాగుడు, రెండూ కలవాలన్న మాటకు ఇది అనుకూలమే. అంకెలు ప్రకటించేంత నమూనాలు ఇంకా లేవు.

మింగడం, మచ్చ కట్టడం

అపోప్టోసిస్ కణాలకు పీహెచ్‌రోడో రంగు పట్టించి మాక్రోఫేజ్‌లకు ఇస్తే, ఆమ్లత ఉన్న లోపలి సంచిలోకి చేరాకే వెలుగుతుంది కాబట్టి పైపైన అంటుకున్నవి లెక్కలోకి రావు. మింగుడును ఆపే సైటోకలాసిన్-డి, 4 డిగ్రీలు, రెండు నియంత్రణలు. మింగిన 24 గంటలకు టీఎన్ఎఫ్ తగ్గి శాంతింపు, మరమ్మతు సంకేతాలైన ఐఎల్-10, టీజీఎఫ్ బీటా పెరుగుతాయి. ముందు ఎల్‌పీఎస్ ఇచ్చిన మాక్రోఫేజ్‌లు తక్కువ మింగుతాయి. మింగుడుకు కావాల్సిన మెర్‌టీకే గ్రాహకాన్ని ఏడీఏఎం17 అనే కత్తెర ఎంజైమ్ తెంచేస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. పసి కణాలు గుండ్రంగా, చిన్నగా ఉంటాయి. పెద్ద గుండెలోని కండర కణం 100 మైక్రాన్ల పైన పొడవు, మాక్రోఫేజ్ దాన్ని ముక్కలుముక్కలుగానే తినాలి. డిష్‌లో కనిపించే మింగుడు వేగం పెద్ద గుండెకు వర్తించదు.

ఫైబ్రోబ్లాస్ట్‌లను మామూలు ప్లాస్టిక్ మీద రెండు పాసేజీలకు మించి పెంచితే ఎవరూ చెప్పకుండానే మయోఫైబ్రోబ్లాస్ట్‌లుగా (మచ్చను ముడిచే రూపం) మారతాయి, ఆ గట్టి నేలే వాటికి సంకేతం. ఆరోగ్యమైన గుండె గోడ సుమారు 10 కిలోపాస్కల్స్, పాలీస్టైరిన్ గిగాపాస్కల్స్‌లో ఉంటుంది. అందుకని కొల్లాజెన్ జెల్. ఎలుక తోక కొల్లాజెన్ మిల్లీలీటరుకు 1.5 మి.గ్రా., లక్షన్నర కణాలు, 24-వెల్‌లో 500 మైక్రోలీటర్లు, 37 డిగ్రీల దగ్గర గంటలో గట్టిపడుతుంది. పీహెచ్ 7.4కు తేకుండా పోస్తే గట్టిపడదు, మంచు మీద కలపకపోతే గొట్టంలోనే గడ్డకడుతుంది. అంచు విడదీసి 24, 48 గంటలకు ఫోటో తీసి ఇమేజ్‌జేలో విస్తీర్ణం కొలవాలి. టీజీఎఫ్ బీటా 10 నానోగ్రాములకు జెల్ బాగా ముడుచుకుంది. దాంతోపాటు ఎలుక ఇంటర్‌ఫెరాన్ బీటా ఇస్తే ముడుచుకోవడం మందగించింది. ఇంటర్‌ఫెరాన్‌లు జాతికి జాతికి మారతాయి, చుంచెలుకది కొని ఎలుక కణాల మీద వేసి "ఫలితం లేదు" అని రాయడం తేలిక. అంచు దగ్గర మచ్చ గట్టిపడకుండా గోడను బలహీనపరిచేది ఈ దారేనన్న 2024 వాదనకు ఈ జెల్ ఒక చిన్న ఆసరా.

ప్రస్తుతం నడుస్తున్నది

సిలికోన్ పొర పనిని ఎలుక నుంచి చుంచెలుక కణాలకు మారుస్తున్నాం. ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్ని అడ్డుకునే ఎంఏఆర్1-5ఏ3 యాంటీబాడీ చుంచెలుకకే పనిచేస్తుంది, ఐఆర్ఎఫ్3 లేని కణాలు కూడా చుంచెలుకలోనే దొరుకుతాయి. పిల్లకు దొరికే కణాలు సగానికన్నా తక్కువ కాబట్టి పొరలను 24-వెల్ పరిమాణానికి కుదిస్తున్నాం, కడ్డీ ఒకటిన్నర మి.మీ.కు తగ్గింది. కడ్డీ సన్నబడితే లోహంలో నిలిచే చలి కూడా తగ్గుతుంది, ఐదు సెకన్ల ఆనింపుకు గాయం అడుగుదాకా పడటం లేదు. స్టీలు బదులు రాగి కడ్డీ చేయించాం, చివర చదునుగా పాలిష్ పెట్టించి. పొరల వరస ఇలా: గాయం లేనిది, గాయం, గాయం-సాగదీత, దానికే స్టింగ్‌ను ఆపే హెచ్-151 ఒక మైక్రోమోలార్, దానికే ఎంఏఆర్1-5ఏ3 పది మైక్రోగ్రాములు, దానికే సరిజోడు నియంత్రణ యాంటీబాడీ. గ్రాహకాన్ని అడ్డుకున్నాక సీగ్యాస్ చుక్కలు అలాగే ఉండి ఐఎస్‌జీ15 పోవాలి. చుక్కలు కూడా తగ్గితే ఆ చుక్కలు మనం అనుకున్నవి కావు, లెంటీవైరస్ నియంత్రణ పొరల దగ్గరికి తిరిగి వెళ్లాలి.